బీదరు గడ్డ మీది ‘సూర్యకిరణాలు’
జహీరాబాదు: హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై 2024 డిసెంబరు 8న జనం తలలెత్తి చూసిన విమాన విన్యాసాలు భారత వైమానిక దళానికి చెందిన ‘సూర్యకిరణ్’ జట్టువి. ఆ జట్టు మకాం ఢిల్లీలోనో, బెంగుళూరులోనో కాదు. మన సరిహద్దును ఆనుకొని ఉన్న బీదరులో. 1956 దాకా మనతోపాటు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, తర్వాత కన్నడ సీమలో కలిసిన ఊరది.

1996లో ఈ జట్టు ఏర్పడింది. మొదట కిరణ్ విమానాలు నడిపారు. ఇప్పుడు నడిపేవి బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన హాక్ జెట్ విమానాలు. రెండూ పైలట్లకు శిక్షణ ఇచ్చే విమానాలే.

తొమ్మిది విమానాలు ఒకేసారి లేస్తాయి. రెక్క కొనకూ రెక్క కొనకూ మధ్య దూరం ఒక్కోసారి 5 మీటర్లు కూడా ఉండదు. ముందు వెళ్లే నాయకుడు రేడియోలో ఆజ్ఞ ఇస్తాడు. మిగిలినవారు నేలనూ, ఆకాశాన్నీ చూడరు. పక్క విమానం మీద ఒక గుర్తు పట్టుకొని, దానిమీదనే చూపు నిలిపి నడుపుతారు. వెనుక కనిపించే తెల్లని పొగ కాలిన పొగ కాదు. ఇంజను వేడి గాలిలోకి డీజిల్ చిమ్మితే ఏర్పడే మంచు వంటి తెర. రంగు కలిపితే అదే మువ్వన్నెల చార అవుతుంది.

కాడికి కట్టిన ఎద్దులు రెండూ కలిసి అడుగు వేయకపోతే సాలు వంకర పోతుంది. ఇక్కడ వంకర పోతే ప్రాణమే పోతుంది. 2006 మార్చిలో బీదరు వద్ద సాధన చేస్తూ ఇద్దరు పైలట్లు మరణించారు. 2009 జనవరిలో అక్కడే మరొకరు నేలకొరిగారు. 2019 ఫిబ్రవరి 19న బెంగుళూరు యెలహంకలో విమాన ప్రదర్శన ఆరంభానికి ముందురోజు రెండు విమానాలు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ ప్రాణాలు కోల్పోయారు. మిగతా ఇద్దరు పారాచూట్లతో బయటపడ్డారు.

జట్టుకు మరో గండం కూడా వచ్చింది. కొత్త పైలట్లకు నేర్పడానికి విమానాలు చాలక, 2011లో కిరణ్ విమానాలను శిక్షణకు మళ్లించి ప్రదర్శనలు ఆపేశారు. 2015లో హాక్ విమానాలతో మళ్లీ మొదలుపెట్టి, క్రమంగా తొమ్మిదికి పెంచారు.

చూసేవారికి పది ఇరవై నిమిషాల వేడుక. చేసేవారికి నెలల తరబడి సాధన. ఆ పొగచారలు చూసి ఉబలాటపడే పల్లె పిల్లలు మన ప్రాంతంలోనూ ఉన్నారు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివినవారు నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షకు కూర్చోవచ్చు. 2021 నుంచి ఆడపిల్లలకూ ఆ అవకాశం ఉంది. వైమానిక దళ అధికారులకు శిక్షణ ఇచ్చే అకాడమీ మన దుండిగల్‌లోనే ఉంది. చప్పట్లు కొట్టి ఊరుకోక, ఈ దారి కూడా ఉందని పిల్లలకు చెప్పవలసిన బాధ్యత పెద్దలదీ, ఉపాధ్యాయులదీ. అయితే దారితోపాటు దాని వెలను కూడా దాచకుండా చెప్పాలి.