షుగర్ ఉన్నవాళ్ళు బిడ్డ కావాలనుకుంటే...

మేము సింగపూర్‌లోని టోవా పాయోలో ఉంటున్నాం. నాకు పెళ్ళికి ముందే టైప్ 2 షుగర్ వచ్చింది, ఆ తరువాతే ఇద్దరు పిల్లలు పుట్టారు. ఈ సంగతి తెలిసిన మన అమ్మాయిలు అప్పుడప్పుడు లిఫ్టు దగ్గర ఆపి, "అక్కా, షుగర్ ఉంటే పిల్లల్ని కనకూడదంటారు, నిజమేనా?" అని అడుగుతుంటారు. నిజం కాదు. కానీ నెల తప్పాక డాక్టరు దగ్గరికి వెళ్దాంలే అనుకుంటే మాత్రం ఆలస్యమవుతుంది.

ఎందుకంటే, బిడ్డ వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. గుండె కూడా మొదటి ఏడెనిమిది వారాల్లోనే రూపు దిద్దుకుంటుంది. మనం ఇంట్లో టెస్టు చేసుకుని, అపాయింట్‌మెంటు దొరికేసరికి ఆ పని చాలావరకు అయిపోతుంది. ఆ రోజుల్లో రక్తంలో చక్కెర ఎక్కువుంటే గర్భస్రావం, అవయవలోపాల ముప్పు పెరుగుతుంది.

అందుకే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష ముందే చేయించుకోవాలి. చక్కెర మరీ పడిపోకుండా చూసుకుంటూ 6.5 శాతం లోపుకి తేగలిగితే మంచిది. 10 దాటితే తగ్గేవరకూ ఆగమనే చెబుతారు. ఆగడమంటే గర్భనిరోధం వాడటమే, దేవుడి మీద భారం వేయడం కాదు! కంటి రెటీనా, కిడ్నీలు కూడా చూపించుకోవాలి.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. బీపీకి వాడే ఎనాలాప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి, కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లు సాధారణంగా మారుస్తారు లేదా ఆపుతారు. బరువు తగ్గడానికి ఈమధ్య చాలామంది తీసుకుంటున్న సెమాగ్లూటైడ్ రెండు నెలల ముందే మానాలి. మెట్‌ఫార్మిన్ చాలామందికి కొనసాగిస్తారు. ఇన్సులిన్ అంటే మన ఇళ్ళల్లో ఉన్న భయం ఇంతా అంతా కాదు గానీ, అది మాయ దాటి బిడ్డకు చేరదు. ఫోలిక్ ఆమ్లం అందరూ వాడే చిన్న మోతాదు కాదు, మనకు సాధారణంగా రోజుకు 5 మిల్లీగ్రాములు రాస్తారు. ప్రయత్నం మొదలుపెట్టక ముందునుంచి 12వ వారం దాకా వేసుకోవాలి. ఏదీ సొంతంగా ఆపకండి, మొదలుపెట్టకండి.

కనాలా, ఎప్పుడు కనాలి, అసలు వద్దా అన్నది ఆ అమ్మాయి తేల్చుకోవాల్సిన మాట. అత్తగారు ఫోనులో తేల్చేది కాదు. ఇక్కడి చట్టం కూడా అలాగే ఉంది. 1974 చట్టం ప్రకారం 24 వారాల వరకు గర్భం తీయించుకోవచ్చు. ముందు కౌన్సెలింగ్, ఆ తరువాత 48 గంటల వ్యవధి ఉంటాయి. రాతపూర్వక సమ్మతి ఆమెదే, భర్త సంతకం అడగరు.

పాలీక్లినిక్‌లో షుగర్ చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు అడిగేదాకా ఆగకుండా, "వచ్చే ఏడాది బిడ్డ కావాలనుకుంటున్నాం" అని మీరే చెప్పండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల అట్టలన్నీ వెంట పట్టుకెళ్ళండి. పేర్లు వేరుగా ఉంటాయి, మందు అదే.