పలకరాయి పోయి సర్క్యూట్ బోర్డు వచ్చె!
ఇరుకు చోట ఇన్ని పిన్నులు ఎలా ఇముడుతున్నాయి?

మార్కాపురం: మార్కాపురం పలకమీద అక్షరాలు దిద్దినవారు మన పల్లెల్లో ఎందరో వున్నారు. పలకరాయి బడికే కాదు, ఒకప్పుడు కరెంటుకు కూడా పనికొచ్చింది. ఈ రాయిలో విద్యుత్తు పారదు, నిప్పంటుకోదు. అందుచేత నూరేళ్ల క్రితం పాశ్చాత్య దేశాల్లో స్విచ్ బోర్డులను పలకరాయితో చేసేవారు. నేడు యంత్రాల లోపల గాజుపీచు, రెసిన్ కలిపి చేసిన పలుచని సర్క్యూట్ బోర్డులు వుంటున్నాయి. సెల్‌ఫోనులోనూ, ఓటింగ్ యంత్రంలోనూ వున్నవి ఇవే. ఒక బోర్డును మరో బోర్డుతోనో, తీగతోనో కలిపే భాగమే కనెక్టరు.

పాత కనెక్టర్లలో పిన్నుకూ పిన్నుకూ నడుమ 2.54 మిల్లీమీటర్ల దూరం వుండేది. 2014లో వచ్చిన టైప్-సి చార్జింగ్ కనెక్టరులో అది 0.5 మిల్లీమీటరు మాత్రమే. సెంటీమీటరు కూడా లేని వెడల్పులో 24 పిన్నులు రెండు వరుసలుగా ఇమిడాయి.

పిన్నులు దగ్గరయ్యేకొద్దీ చిక్కులు పెరుగుతాయి. కాస్త తేమ, దుమ్ము చేరినా ఒక పిన్ను కరెంటు పక్క పిన్నుకు పాకుతుంది. పిన్ను సన్నబడితే త్వరగా వేడెక్కుతుంది. ఒక్కో పిన్ను దూరడానికి 50 గ్రాముల బలం కావాలనుకుంటే, వంద పిన్నులకు 5 కిలోలు కావాలి. అంత బలం పడితే బోర్డే వంగుతుంది. పట్టు మరీ వదులైతే కరెంటు అందదు. అందుకే స్ప్రింగులా సాగే రాగి మిశ్రమంతో పిన్నులు చేసి, తుప్పు పట్టకుండా బంగారు పూత వేస్తారు.

ఇందులో తెలుగుగడ్డకూ వాటా వుంది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. ఓటింగ్ యంత్రం నమూనాను 1979లో తయారుచేసింది ఆ సంస్థే. 1982లో కేరళలోని పరూరులో ఈ యంత్రాలను తొలిసారి వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా ఇవే వచ్చాయి.

ఆ యంత్రం భాగాలను కలిపేది కేబులు చివరి కనెక్టరే. అందులో పిన్నులు మరీ దగ్గరగా వుండవు. అయినా జాగ్రత్త ఒకటే. అది ఒకే వైపుగా దూరుతుంది. ఊడదీయాలంటే రెండు పక్కల క్లిప్పులు నొక్కాలి. కనెక్టరు సరిగా కూర్చోకపోతే లింక్ ఎర్రర్ అని కనబడుతుంది, పోలింగు ఆగుతుంది. క్యూలో నిలబడిన ఊరంతా ఎదురుచూడాల్సిందే.

ఇంట్లో ఫోనుకూ ఇదే సూత్రం. తీగ పట్టుకుని లాగరాదు, బలవంతంగా గుచ్చరాదు. రంధ్రం తడిస్తే పూర్తిగా ఆరేదాకా చార్జింగు పెట్టరాదు. పిన్నుతోనో సూదితోనో మట్టి గీకితే బంగారు పూత లేచిపోతుంది. వేసవిలో దుమ్ము రేగే మన ప్రాంతంలో చార్జింగు రంధ్రంలో దుమ్ము చేరకుండా చూసుకోవడం మేలు.