అసెంబ్లీ లేని దీవుల్లో ప్రశ్న అడిగేదెవరు?

మహిళల అక్రమ రవాణా గురించి లోక్‌సభలో ఏ ఎంపీ ప్రశ్న వేసినా హోం శాఖ జవాబు దాదాపు ఒకే వాక్యంతో మొదలవుతుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోని అంశాలనీ, కేసు పెట్టడం, దర్యాప్తు చేయడం, శిక్ష పడేలా చూడడం ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత అనీ. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ దాని తర్వాత ఎన్ని పట్టికలు జతచేసినా, 'మమ్మల్ని కాదు, వాళ్లని అడగండి' అన్న మాటే చివరికి మిగులుతుంది.

అండమాన్ నికోబార్ దీవుల విషయంలో మాత్రం కేంద్రానికి ఈ మాట అనే వీలు లేదు. 1956 నవంబరు నుంచి అది కేంద్రపాలిత ప్రాంతం. అక్కడ అసెంబ్లీ లేదు, ముఖ్యమంత్రి లేడు, మంత్రులు లేరు. 239వ అధికరణం కింద రాష్ట్రపతి తరఫున లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. ఆయన కింద చీఫ్ సెక్రటరీ, డీజీపీ ఉంటారు. ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు అరుణాచల్, గోవా, మిజోరం, కేంద్రపాలిత ప్రాంతాలన్నిటికీ కలిపి ఉన్న ఏజీఎంయూటీ కేడర్ నుంచి కొన్నేళ్లు వచ్చి పనిచేసి వెళ్లిపోతారు. ఆ కేడర్ పగ్గాలు హోం శాఖ చేతిలో ఉంటాయి. అంటే పోర్ట్ బ్లెయిర్‌లోని (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఒక ఠాణాలో ఒక ఫిర్యాదు ఎలా నడిచిందని ఎవరైనా అడిగితే, చట్టసభ ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది సాక్షాత్తూ కేంద్ర హోం మంత్రి.

ఇది కాగితం మీది సూక్ష్మం మాత్రమే కాదని 2022లో తేలింది. ఆ ఏడాది ఆగస్టులో 21 ఏళ్ల యువతి ఒకరు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వోద్యోగం ఇప్పిస్తామని చెప్పి తనను చీఫ్ సెక్రటరీ నివాసానికి తీసుకెళ్లారనీ, అక్కడ తనపై సామూహిక అత్యాచారం జరిగిందనీ ఆరోపించారు. అక్టోబరు 1న అబర్డీన్ ఠాణాలో ఎఫ్ఐఆర్ నమోదైంది. ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పాటైంది. అప్పటికి ఢిల్లీకి బదిలీ అయిపోయిన మాజీ చీఫ్ సెక్రటరీ జితేంద్ర నారాయణ్‌ను అక్టోబరు 17న హోం శాఖ సస్పెండ్ చేసింది. నవంబరు 10న ఆయన అరెస్టయ్యారు. కార్మిక శాఖ కమిషనర్‌గా పనిచేసిన అధికారి, ఒక హోటల్ యజమాని కూడా నిందితులయ్యారు. 2023 ఫిబ్రవరి మొదట్లో పోలీసులు తొమ్మిది వందలకు పైగా పుటల చార్జిషీటు వేశారు. అదే నెల 20న కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి మాజీ చీఫ్ సెక్రటరీకి బెయిలిచ్చింది. తనపై కుట్ర జరిగిందని ఆయన మొదటి నుంచీ వాదించారు. ఏడాది కాలంలో ఇరవై మందికి పైగా మహిళలను ఆ ఇంటికి తీసుకెళ్లారనీ, కొందరికి ఉద్యోగాలు దక్కాయనీ సాక్షులు చెప్పినట్టు పత్రికలు రాశాయి. నేరం జరిగిందా లేదా అన్నది న్యాయస్థానాల పని. ఈ వ్యాసం దాని జోలికి పోదు. ఇక్కడి ప్రశ్న వేరు: పాలనా యంత్రాంగానికి తలకాయ లాంటి అధికారి మీదే ఫిర్యాదు వచ్చినప్పుడు, ఆ యంత్రాంగం దర్యాప్తును ఎలా నడిపిందో ప్రజల తరఫున చూసేది ఎవరు?

ముందు ఆ దీవుల్లో ఉద్యోగం అంటే ఏమిటో తెలియాలి. పెద్ద ఫ్యాక్టరీలు లేవు. పర్యాటకం, చేపల వేట, కొబ్బరి, వక్క తోటలు ఉన్నా, చాలా కుటుంబాల కల సర్కారు కొలువే. రెగ్యులర్ పోస్టు దొరక్కపోతే కనీసం 'డీఆర్ఎం', అంటే రోజుకూలీ మజ్దూరుగానైనా ఏదో ఒక శాఖలో పేరెక్కితే చాలనుకుంటారు. ఆ పేరు ఎక్కించేది ఒక సంతకం. సంతకం పెట్టేవాడికీ పెట్టించుకునే అమ్మాయికీ మధ్య ఉన్న ఎత్తును చట్టం కూడా గుర్తించింది. భారత శిక్షాస్మృతి 370వ సెక్షన్ (2024 జూలై నుంచి న్యాయ సంహితలో 143) ప్రకారం అక్రమ రవాణా అంటే గొలుసులతో కట్టి ఓడెక్కించడం ఒక్కటే కాదు. ఆశ చూపి గానీ, అధికారాన్ని దుర్వినియోగం చేసి గానీ లైంగిక దోపిడీ కోసం ఒక మనిషిని రప్పించినా, తరలించినా, ఆశ్రయమిచ్చినా అదే నేరం. బాధితురాలి సమ్మతి అక్కడ లెక్కలోకి రాదు. 2013లో నిర్భయ ఉదంతం తర్వాత జస్టిస్ వర్మ కమిటీ సిఫార్సుల మీద వచ్చిన మార్పు ఇది.

అదే 2013 సవరణ ఇంకో సెక్షన్ కూడా తెచ్చింది, 166ఎ. అత్యాచార ఫిర్యాదు వస్తే నమోదు చేయని పోలీసు అధికారికి జైలుశిక్ష వేయొచ్చు. అదే ఏడాది లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా, విచారణార్హమైన నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది. మరి పోర్ట్ బ్లెయిర్‌లో ఆగస్టు ఫిర్యాదుకూ అక్టోబరు ఎఫ్ఐఆర్‌కూ మధ్య నెల పైన గడిచింది. దానికి సరైన కారణం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అడగాల్సిన చోట అడిగితే తెలిసే సంగతి అది.

అడగాల్సిన చోటు పార్లమెంటు. అక్కడ ఈ దీవులకు ఉన్నది ఒక్క లోక్‌సభ సీటు. రాజ్యసభలో అదీ లేదు. 1952లో లోక్‌సభకు బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను రాష్ట్రపతి నామినేట్ చేశారు. దీవుల ప్రజలు ఓటేసి ఎంపీని ఎన్నుకున్నది 1967లో మాత్రమే. ఎన్నికైన ఆ ఒక్క మనిషి ఓడల టిక్కెట్ల దగ్గర్నుంచి తాగునీటి దాకా అన్నీ అడగాలి. ఒక రాష్ట్రంలో నూట డెబ్బై అయిదు మంది ఎమ్మెల్యేలు పంచుకునే పని అది.

చాలామంది మరిచే విషయం ఒకటుంది. అండమాన్ గురించి ప్రశ్న వేసే హక్కు అండమాన్ ఎంపీ ఒక్కరిదే కాదు, సభలో ఉన్న అందరిదీ. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 13 శాతం పైనే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాలుగా వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలవి. విశాఖ రేవు నుంచి నేటికీ అక్కడికి ఓడ వెళ్తుంది. ఆంధ్ర నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభలో కూర్చుంటారు. వారిలో ఏ ఒక్కరి ప్రశ్న సభ జాబితాకెక్కినా హోం శాఖ జవాబు తయారు చేయక తప్పదు. గల్ఫ్‌లో చిక్కుకున్న మన వాళ్ల గురించి మన ఎంపీలు అడుగుతారు, మంచిదే. బంగాళాఖాతం అవతలి గట్టున ఉన్న మన వాళ్లు ఎందుకో అంత సులువుగా గుర్తుకు రారు.

నిజానికి అండమాన్ గురించి మూలమూల నుంచి ప్రశ్నలు వేసే అలవాటు మన చట్టసభలకు కొత్తది కాదు. 1930లలో సెల్యులార్ జైల్లో రాజకీయ ఖైదీల నిరాహార దీక్షల మీద ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో సభ్యులు తెల్ల ప్రభుత్వాన్ని నిలదీశారు. బయట ఆందోళన, లోపల ప్రశ్నలు కలిసి 1938 నాటికి ఆ ఖైదీలను ప్రధాన భూభాగానికి తెప్పించాయి. ప్రశ్నలు వేసినవాళ్లలో అండమాన్ ప్రతినిధి ఒక్కరూ లేరు, అలాంటి పదవే అప్పుడు లేదు.

ప్రశ్న వేయడంలోనూ ఒక ఇబ్బంది ఉంది. కోర్టులో నడుస్తున్న కేసు గురించి అడగకూడదని సభా నియమం. ఈ నియమాన్ని ప్రభుత్వాలు ఇష్టంగా వాడుకుంటాయి. కేసు మీద ఒక్క ఎఫ్ఐఆర్ పడగానే ఆ చుట్టుపక్కల సంగతులన్నీ 'కోర్టు పరిధిలో ఉన్నాయి' అయిపోతాయి. కానీ నియమం చెప్పేది అంత విశాలం కాదు. ఫలానా వ్యక్తి తప్పు చేశాడా అని అడగకూడదు. గత అయిదేళ్లలో దీవుల యంత్రాంగంలో అధికారుల మీద ఎన్ని లైంగిక ఫిర్యాదులొచ్చాయి, ఒక్కోదానికి ఎఫ్ఐఆర్ కట్టడానికి ఎన్ని రోజులు పట్టింది అని అడగొచ్చు. కేసు న్యాయమూర్తిది, దాన్ని నడిపించిన పద్ధతి చట్టసభది. నేను చదివిన చాలా ప్రశ్నలు ఈ గీతను గుర్తించకుండా నేరుగా వెళ్లి కోర్టు గోడకు గుద్దుకుంటాయి.

ఇక జవాబు రాకపోతే? 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం' అని మంత్రి అంటే అది సభకు ఇచ్చిన హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని పట్టికలో వేసుకుని మూడు నెలల్లో నెరవేరిందా అని వెంటపడుతుంది. పత్రికలకు పట్టని కమిటీ ఇది. కేకలు లేవు, వాకౌట్లు లేవు. ఒక గుమాస్తా ఓపికతో చేసే పని. పోలీసు వ్యవహారాల్లో అంతకన్నా పనికొచ్చే సాధనం సభ్యుడి చేతిలో ఇంకోటి తక్కువ.

దానికంటే పెద్దది హోం వ్యవహారాల స్థాయీ సంఘం, రెండు సభల నుంచి 31 మంది. 2021 మార్చిలో మహిళలు, పిల్లలపై నేరాల మీద అది ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. హోం శాఖ కార్యదర్శిని పిలిపించి కూర్చోబెట్టగలదు. కానీ రెండు సంకెళ్లున్నాయి. మంత్రిత్వ శాఖల రోజువారీ పాలన జోలికి వెళ్లకూడదని నియమం. పైగా సమావేశాలు మూసిన తలుపుల వెనక జరుగుతాయి.

బ్రిటన్‌లో తలుపు తెరిచి చేస్తారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని రోథరమ్ పట్నంలో ఏళ్ల తరబడి ఆడపిల్లలను లైంగికంగా దోచుకుంటున్నా పోలీసులు, పురపాలక అధికారులు పట్టించుకోలేదన్న విషయం మీద కామన్స్ సభ హోం వ్యవహారాల కమిటీ అధికారులను కెమెరాల ముందు కూర్చోబెట్టి ప్రశ్నించింది. 2013లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది ప్రొఫెసర్ అలెక్సిస్ జే విచారణ, 1997 నుంచి 2013 వరకు కనీసం 1,400 మంది పిల్లలు బాధితులయ్యారని అంచనా కట్టింది. ఆ తర్వాత కమిటీ అదే అధికారులను మళ్లీ పిలిచింది. పోలీసులు ఏం చేశారన్నదానికన్నా, 'మీకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎవరికి రాశారు' అన్నదే ఆ విచారణల్లో ఎక్కువగా వినిపించిన ప్రశ్న. అమెరికాలో ఇంకో అడుగు ముందుకేసి, బాలికల అక్రమ రవాణా ఆరోపణలున్న ఎప్‌స్టీన్ మీది దర్యాప్తు పత్రాలు బయటపెట్టాలని న్యాయ శాఖను ఆదేశిస్తూ 2025 నవంబరులో ఏకంగా చట్టమే చేశారు. ప్రతినిధుల సభలో వ్యతిరేకించిన ఓటు ఒక్కటే.

అయితే అండమాన్‌కు అసెంబ్లీ ఇస్తే సరిపోతుందా? ఆ కోరిక దీవుల్లో చాలాకాలంగా ఉంది, న్యాయమైనదే. కానీ అసెంబ్లీ ఉన్నచోట ఏం జరిగిందో మనకు తెలుసు. 2015 డిసెంబరులో విజయవాడ 'కాల్ మనీ' వ్యవహారం బయటపడింది. ఫోన్ చేస్తే అప్పు తెచ్చిచ్చి, తీర్చలేని ఆడవాళ్లను లైంగికంగా వాడుకుంటున్నారన్న ఆరోపణలవి. ఆంధ్రప్రదేశ్ శీతాకాల సమావేశాలు ఆ అంశం మీదే అట్టుడికాయి. డిసెంబరు 18న ప్రతిపక్ష ఎమ్మెల్యే రోజాను ఏడాది పాటు సస్పెండ్ చేశారు. సమావేశాలు ముగిసేదాకా తప్ప ఏడాది సస్పెన్షన్ చెల్లుతుందా అన్న వాదన హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016లో నెలల తరబడి జనం చర్చించింది ఆ సస్పెన్షన్‌కు ఆధారమైన సభా నియమావళి 340వ నిబంధన గురించి. అప్పుల నోట్లు ఎన్ని స్వాధీనమయ్యాయి, ఎంతమంది బాధితులు ఫిర్యాదు నిలబెట్టుకున్నారు అన్నవి రెండు పక్షాల్లో ఎవరూ పట్టుదలగా అడగలేదు.

అంకెల మీద గొడవా అలాంటిదే. 2023 జూలైలో రాష్ట్రంలో దాదాపు 30 వేల మంది మహిళలు అదృశ్యమయ్యారని పవన్ కల్యాణ్ అంటే, రాష్ట్ర మహిళా కమిషన్ ఆధారాలు చూపమని ఆయనకు నోటీసిచ్చింది. అదే నెలలో పార్లమెంటులో హోం శాఖ ఇచ్చిన జవాబులో 2019-21 మధ్య దేశమంతా 13 లక్షల మందికి పైగా, ఆంధ్రలో 30 వేలకు పైగా మహిళలు, బాలికలు తప్పిపోయినట్టు ఉంది. తప్పిపోయినవాళ్లలో చాలామంది దొరుకుతారు. దొరికినవాళ్ల లెక్కను దాని పక్కనే చూపకుండా ఈ అంకెను ఎవరికి కావలసినట్టు వాళ్లు ఊపారు. ఇలాంటిదే ఇంకో పొరపాటు: 2022లో దేశంలో నమోదైన 2,250 అక్రమ రవాణా కేసుల్లో తెలంగాణ 391తో మొదటి స్థానంలో ఉందని చూసి సిగ్గుపడడం. కేసులు ఎక్కువ కట్టే పోలీసులున్నచోట అంకె పెద్దదవుతుంది. అనుమానించాల్సింది ఏళ్ల తరబడి సున్నా కనిపించే గడిని.

అక్రమ రవాణా నిరోధానికి సమగ్ర చట్టం కూడా ఇదే పద్ధతిలో జారిపోయింది. 2018 జూలైలో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభలో చర్చకు రాకుండానే, 2019లో సభ రద్దుతో మురిగిపోయింది.

కాబట్టి ఉన్న సాధనం ప్రశ్నే. శ్రీకాకుళం ఎంపీయో, విశాఖ ఎంపీయో వేయదగ్గవి కొన్ని ఉన్నాయి. పని చోట లైంగిక వేధింపుల చట్టం (2013) ప్రకారం యజమాని మీదే ఫిర్యాదైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీ దగ్గరికి వెళ్లాలి. దీవుల మూడు జిల్లాల్లో ఆ కమిటీలు ఎప్పుడు వేశారు, అధ్యక్షురాళ్లెవరు, వార్షిక నివేదికలు ఇచ్చారా? 2021-22లో ఏయే శాఖల్లో ఎంతమంది డీఆర్ఎంలను తీసుకున్నారు, నోటిఫికేషన్ ఇచ్చా, ఇవ్వకుండానా? 2020లో నిర్భయ నిధి నుంచి జిల్లాకో మానవ అక్రమ రవాణా నిరోధక విభాగం కోసం ఇచ్చిన డబ్బులో దీవులకు ఎంత చేరింది, ఆ విభాగంలో సిబ్బంది ఎంతమంది? చీఫ్ సెక్రటరీ స్థాయి అధికారి మీద ఫిర్యాదు వస్తే దర్యాప్తు అధికారి ఎవరికి నివేదించాలన్న లిఖిత ఉత్తర్వు ఏదైనా ఉందా? వీటిలో ఒక్కటీ కోర్టు పరిధిలోది కాదు. ఒక్కదానికీ 'పోలీసు రాష్ట్రాల అంశం' అన్న జవాబు చెల్లదు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నగా వేసినా చాలు. కావలసిన గడువు పదిహేను రోజులు.