పలక కన్నా ముందు చెవి: ఆటల్లో మొదలయ్యే చదువు

మూడున్నరేళ్ల బిడ్డ చేతికి పెన్సిల్ ఇచ్చి, నాలుగు గీతల పుస్తకంలో ‘అ’ను పేజీ నిండా దిద్దించడం ఇప్పుడు చాలా ఇళ్లలో సాయంత్రపు పని. అదే బిడ్డ పొద్దున అంగన్‌వాడీలో చప్పట్లు కొడుతూ పాట పాడి, ఇసుకలో పిచ్చుక గూళ్లు కట్టి వచ్చిందంటే ‘ఆడిస్తున్నారు తప్ప చదువేమీ చెప్పడం లేదు’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆ ఒక్క కారణంతో పిల్లల్ని అంగన్‌వాడీ మాన్పించి, హోంవర్క్ ఇచ్చే నర్సరీలో చేర్చే తల్లిదండ్రులూ ఉన్నారు. బిడ్డ వెనకబడిపోకూడదన్న వాళ్ల ఆరాటంలో తప్పు లేదు. అయితే చదవడం అనే పని ఎక్కడ మొదలవుతుందో పరిశోధకులు 40 ఏళ్లుగా గమనిస్తూ వచ్చింది చూస్తే, ఆ ఇసుక గూళ్లనూ చప్పట్ల పాటనూ అంత తేలిగ్గా తీసెయ్యలేం.

‘పాట’, ‘పాత’ అన్న రెండు మాటల మధ్య తేడా తెలుగు చెవికి ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన పెద్దలకు ‘ట’, ‘త’ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మరి ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు? జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో హిందీలోని ఈ రెండు ధ్వనులతోనే పరీక్షించి 1984లో ఫలితాలు ప్రచురించారు. 6 నుంచి 8 నెలల వయసులో ఆ పిల్లలు కూడా తేడాను చక్కగా పట్టుకున్నారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. అంటే తొలి పుట్టినరోజు నాటికే బిడ్డ చెవి ఇంట్లో వినిపించే భాషకు అనుగుణంగా కుదురుకుంటోంది. ఒక్క మాటా పలకని బిడ్డ కూడా భాష నేర్చుకుంటూనే ఉందన్నమాట.

ఆ నేర్చుకోవడం మనిషి ద్వారానే బాగా జరుగుతుంది. 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో 9 నెలల పిల్లల్ని తీసుకుని, చైనా మాండరిన్ మాట్లాడేవాళ్లతో 12 విడతలు ఆడించింది. బొమ్మలు చూపించడం, పుస్తకం చదివి వినిపించడం, అంతే. ఆ పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడాలను పట్టుకోగలిగారు. అవే మాటలను, అవే మనుషులను టీవీ తెర మీద చూపించిన పిల్లలకు మాత్రం ఏమీ అబ్బలేదు. ఎదురుగా ఉన్న మనిషి బిడ్డ చూపును గమనిస్తుంది, బిడ్డ నవ్వితే ఆగి నవ్వుతుంది. తెరకు అది చేతకాదు. అన్నం తినిపించడానికి ఫోనులో పాటలు పెట్టి, ‘పాటలు వింటోందిగా, మాటలు వస్తాయి’ అనుకునేవారు గుర్తుంచుకోవాల్సిన ప్రయోగమిది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

కాస్త పెద్ద పిల్లల్లోనూ ఇలాంటి సంగతే బయటపడింది. రేచెల్ రోమియో తోటి పరిశోధకులతో కలిసి 4 నుంచి 6 ఏళ్ల పిల్లల ఇళ్లలో మాటలను రికార్డు చేసి, తర్వాత ఆ పిల్లలు కథ వింటున్నప్పుడు మెదడును స్కాన్ చేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, పిల్లల చెవిన మొత్తం ఎన్ని మాటలు పడ్డాయన్న దానికన్నా, పెద్దలకూ పిల్లలకూ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ మారిందన్నది మెదడులోని భాషా కేంద్రం చురుకుతో ఎక్కువగా ముడిపడి ఉంది. ఇంటి ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నా ఈ సంబంధం పోలేదు. కూలికి వెళ్లొచ్చిన తల్లి పొయ్యి దగ్గర కూర్చుని బిడ్డతో ‘ఇవాళ కోడిపిల్ల ఏం చేసింది?’ అని అడిగి, జవాబు విని, ఇంకొకటి అడిగితే అది ఏ ఖరీదైన బడీ అమ్మలేని సరుకు.

‘నేను అమ్మనంట, నువ్వు పాపవంట’

గుజ్జనగూళ్లు ఆడే పిల్లల మాటల్లో ఒక చిన్న ప్రత్యయం తరచూ వినిపిస్తుంది. ‘నేను అమ్మనంట, నువ్వు పాపవంట, ఇది అన్నమంట.’ ఈ ‘అంట’తో పిల్లలు కళ్ల ముందున్న లోకాన్ని పక్కనపెట్టి, మాటలతో ఇంకో లోకం కట్టుకుంటారు. ఇసుక అన్నమవుతుంది, కొబ్బరి చిప్ప గిన్నె అవుతుంది.

రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్స్కీ 1930లలో ఈ రకం ఆటను లోతుగా చర్చించాడు. పిల్లవాడు కర్రను గుర్రమనుకుని స్వారీ చేస్తున్నప్పుడు ఒక వస్తువు ఇంకో వస్తువుకు గుర్తుగా నిలబడుతుందన్న సంగతి అతనికి ఒంటబడుతోంది. రాత నేర్చుకోవడానికి కావలసిందీ అదే. ‘పిల్లి’ అన్న అక్షరాలకు తోకా మీసాలూ ఉండవు. అయినా అవి పిల్లిని సూచిస్తాయని ఒప్పుకోవాలి. సైగ నుంచి నటనకు, నటన నుంచి బొమ్మ గీతకు, గీత నుంచి రాతకు ఒక దారి ఉందని వైగోట్స్కీ వాదన. కొట్టు ఆటలో పాత కాగితం మీద పిచ్చి గీతలు గీసి ‘ఇదిగో చీటీ, ఉప్పు, పప్పు రాశా’ అనే నాలుగేళ్ల పిల్ల ఆ దారిలో చాలా దూరమే వచ్చినట్టు. ‘ఇది రాత కాదు, పిచ్చి గీతలు’ అనకుండా, ఆ చీటీ చదివి వినిపించమంటే సరి.

వికటకవి రహస్యం

చదువుకూ చెవికీ ఉన్న లంకెను గట్టిగా చూపించిన అధ్యయనం 1983లో ఇంగ్లాండు నుంచి వచ్చింది. లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ ఇంకా చదవడం రాని 4, 5 ఏళ్ల పిల్లలకు కొన్ని మాటలు వినిపించి, మిగతావాటితో ధ్వని కలవని మాటేదో చెప్పమన్నారు. ఆ పని బాగా చేసినవారే తర్వాతి ఏళ్లలో చదవడంలోనూ స్పెల్లింగులోనూ ముందున్నారు. వెనకబడిన 65 మంది పిల్లలకు నాలుగు రకాలుగా రెండేళ్లు శిక్షణ ఇచ్చి చూశారు. ధ్వనులను పోల్చే ఆటకు ప్లాస్టిక్ అక్షరాలను కూడా జోడించిన బృందం అందరికన్నా బాగా ముందుకెళ్లింది.

ఇంగ్లిష్‌కు వర్తించింది తెలుగుకు అచ్చంగా వర్తించదు. తెలుగు చెవి లెక్కపెట్టేది అక్షరాన్ని. ‘వికటకవి’ ఎటు చదివినా ఒకటే అంటాం. వి, క, ట, క, వి అని అక్షరాలుగా విడగొడితేనే అది నిజం. ఒక్కొక్క ధ్వనిగా విడగొడితే తిరగబడదు. తెలుగు పిల్లలు తరతరాలుగా ఆడే ‘క’ భాష కూడా ఇలాంటిదే. ప్రతి అక్షరానికి ముందు ‘క’ చేర్చి ‘మామిడి’ని ‘కమాకమికడి’ అనగలిగిన పిల్లకు మాటను అక్షరాలుగా కోయడం ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు. మడమ, కునుకు, పులుపు, నటన లాంటి ఎటు చదివినా ఒకటయ్యే మాటలు వెతకడం, ‘పలక’ను తిరగేస్తే ‘కలప’ వస్తుందని కనిపెట్టడం, ముందువాళ్ల మాట చివరి అక్షరంతో ఇంకో మాట అందుకోవడం, అన్నీ ఆ కోవలోవే. బస్సులో, వంటింట్లో, పొలం గట్టు మీద ఆడుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

అసలు చిక్కు అక్షరం లోపల ఉంది. వర్ణమాలలో అక్షరాలు 56 అని సంప్రదాయ లెక్క. హల్లులకు గుణింతాలు కలిపితే 400 దాటుతాయి, ఆపైన ఒత్తులు. సోనాలి నాగ్ కన్నడ పిల్లలపై చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, లిపిని పూర్తిగా పట్టుకోవడానికి పిల్లలకు నాలుగో తరగతి దాకా పడుతోందని, అక్షరంలోని హల్లునూ అచ్చునూ విడదీసి వినే శక్తి నెమ్మదిగా వస్తోందని తేలింది. తెలుగు లిపి కన్నడకు అక్కచెల్లెలి వరస కాబట్టి ఇది మనకూ దగ్గరి విషయమే. గుణింతాలను బట్టీ పట్టిన పిల్లలు కొత్త మాట ఎదురైనప్పుడు తడబడటానికి ఇదొక కారణం కావచ్చు.

ఇక్కడా ఆట పనికొస్తుంది. పాలు, పూలు, పేలు: హల్లు ఒకటే, గుణింతం మారింది. పాలు గ్లాసులో పోస్తాం, పూలు తలలో పెట్టుకుంటాం, మరి పేలు? పిల్లలు పగలబడి నవ్వుతారు, తేడా మాత్రం మరిచిపోరు. బల్లి, తల్లి, మల్లి అంటే హల్లు మారింది, మిగతాది అలాగే ఉంది. ‘మ’తో మొదలయ్యేది వంటింట్లో ఏముందని అడిగితే బిడ్డ ‘మిరపకాయ’ అనవచ్చు. చాలామంది ‘తప్పు, అది మి’ అని కొట్టిపారేస్తారు. నిజానికి గుడి కింద దాగిన ‘మ’ను బిడ్డ చెవి పట్టుకుంది. మెచ్చుకుని, ‘మజ్జిగ కూడా ఉందిగా’ అని కలిపితే రెండూ నేర్పినట్టవుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ‘అమ్మ’ను చప్పట్లతో విడగొడితే నోటికి ‘అమ్–మ’ అని వస్తుంది, రాతలో ‘అ–మ్మ’. బిడ్డ ఒత్తు దగ్గర తప్పు రాస్తే, మొద్దుతనం వల్లనే అనుకోనక్కర్లేదు. చెవి చెప్పినదాన్ని నమ్మి రాసి ఉండవచ్చు.

ఆట ఒక్కటే చాలా?

చాలదు. మాట్లాడటం లాగా చదవడం దానంతట అది రాదు. అక్షరాలను ఎవరో ఒకరు వరసగా, ఓపికగా నేర్పాల్సిందే. బ్రాడ్లీ, బ్రయంట్ అధ్యయనం చెప్పిందీ ఇదే: చెవి ఆటకు అక్షరం తోడైనప్పుడే ఫలితం నిండుగా ఉంది. ‘పిల్లల్ని వాళ్ల మానాన ఆడనిస్తే అన్నీ వస్తాయి’ అనే మాట వినసొంపుగా ఉన్నా, ఆ భారం చివరికి పుస్తకాలు లేని ఇళ్ల పిల్లల మీద పడుతుంది. పెద్దలు పక్కన కూర్చుని, ఆట సాగుతుండగా ఒక ప్రశ్న, ఒక కొత్త మాట అందించడమే కీలకం. కథ చెప్పడంలోనూ అంతే. గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన ప్రయోగంలో, రెండేళ్ల వయసు పిల్లలకు బొమ్మల పుస్తకం చదువుతూ ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’ అని అడగడం, బిడ్డ జవాబును పొడిగించడం తల్లిదండ్రులకు నేర్పారు. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాట తీరు మెరుగుపడింది. తెలుగులో బొమ్మల కథలు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పుస్తకం లేకపోతే అమ్మమ్మ చెప్పే కథ ఉండనే ఉంది, అడిగే ప్రశ్నలు అవే.

దేశంలో అవసరం చిన్నది కాదు. అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామాల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే, 2022లో అది 16.3 శాతం. 2021లో మొదలైన నిపుణ్ భారత్, 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2023లో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మలు, కథల పుస్తకాలతో విడుదలైన ‘జాదుయి పిటారా’ పెట్టె, ఇవన్నీ 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆట ద్వారా చదువు అన్న దారిలోనే ఉన్నాయి. పెట్టె తెరిచి పిల్లల చేతికి ఇస్తున్నారా, అరిగిపోతాయని బీరువాలో దాస్తున్నారా అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంది.

ఆట ఏ భాషలో సాగాలన్నదీ ముఖ్యమే. సవర, కోయ, గోండి, బంజారా ఇళ్ల పిల్లలకు బడి తెలుగు కొత్త భాష. వాళ్ల ఇంటి పాటతో, ఇంటి కథతో మొదలుపెట్టి తెలుగులోకి తీసుకువస్తే చెవి ఆట రెండు భాషలకూ పనికొస్తుంది. తెలుగు ఇళ్లలో కూడా ఆనపకాయ అనే బిడ్డకు పుస్తకంలో సొరకాయ కనిపించవచ్చు. ఇంటి మాటను తప్పు అనకుండా రెండూ ఒకటేనని చెప్పాలి.

ఎంత ఆడించినా మాట రాని పిల్లల విషయంలో మాత్రం ‘మగపిల్లలకు ఆలస్యంగా వస్తాయిలే’, ‘వాళ్ల నాన్నా ఇంతే’ అంటూ ఆగకూడదు. శబ్దం వైపు తల తిప్పకపోవడం, ఏడాదికి కూడా ‘బాబా, మామా’ అంటూ ధ్వనులు చెయ్యకపోవడం, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటల జోడీ లేకపోవడం కనిపిస్తే ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. తరచూ చెవిలో చీము కారే పిల్లల్లోనూ వినికిడి తగ్గవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందాలు ఈ పరీక్షలకు ఉచితంగా పంపిస్తాయి.