ఆదివారం వాక్యం.. సోమవారం తూకం

టి.నగర్ బజారులో బైబిలు సూత్రాలకు నిత్య పరీక్ష

టి.నగర్ (చెన్నై): బంగారు ఉంగరం పెట్టుకుని, మెరిసే బట్టలు కట్టుకుని ఒకాయన సమాజమందిరంలోకి వస్తాడు. వెనకాలే మాసిన బట్టలతో ఓ పేదవాడు. మొదటాయనకు మంచి చోటు చూపించి, రెండోవాణ్ని ఓ పక్కన నిలబడమంటారు. ఇది న్యాయమేనా? దాదాపు రెండు వేల ఏళ్ల కిందట యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో విశ్వాసులను నిలదీసిన తీరిది. ఆ ఉంగరాలూ, ఆ మెరిసే బట్టలూ కొనేందుకు నేడు జనం బారులు తీరే చోటు టి.నగర్. అందుకే బైబిలు చెప్పిన బతుకు బాటకు ఇంతకంటే గట్టి పరీక్షా కేంద్రం మరొకటి ఉండదు.

ఈ పేటకూ తెలుగువారికీ బంధం పాతదే. జస్టిస్ పార్టీ నేత పిట్టి త్యాగరాయ చెట్టి పేరే దీనికి పెట్టారు. నడిబొడ్డున ఉన్న పానగల్ పార్కుకు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా ఉన్న పానగల్ రాజా రామరాయణింగారి పేరుంది. నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో పెళ్లి కుదిరితే ఉస్మాన్ రోడ్డుకు బండి కట్టడం నేటికీ ఆనవాయితీ. వారిలో క్రైస్తవ కుటుంబాలూ ఉంటాయి. ఆదివారం గుడిలో విన్న మాట అంగట్లో అడుగుపెట్టాక ఏమవుతుందన్నదే ప్రశ్న.

తూనిక రాళ్లకూ ధర్మముంది

అమ్మేవాడు దొంగ తూకం వాడరాదని లేవీయకాండము 19వ అధ్యాయం, సామెతలు 11వ అధ్యాయం తేల్చి చెబుతాయి. తూకాన్ని వ్యాపార కిటుకుగా కాక దేవుని ఎదుట లెక్క చెప్పాల్సిన విషయంగా చూడటమే ఇక్కడి విశేషం. నగల దుకాణంలో దీని అర్థం తేలికే. రాళ్ల బరువు తీసేసి బంగారం తూచారా? తెలుగువారు తరుగు అనేదాన్ని ఇక్కడివారు 'సేదారం' అంటారు. దాన్ని బిల్లులో విడిగా చూపారా? 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్కు నగ అమ్మరాదన్నారు. చట్టం ఇప్పుడు అడుగుతున్నది లేవీయకాండము ఏనాడో అడిగింది.

అయితే కొనేవాడికీ ఇదే కొలత. 'బిల్లు లేకుండా ఇస్తే ఎంత తగ్గిస్తారు?' అని మెల్లగా అడిగే నోటికీ, మర్నాడు ప్రార్థనకు తెరుచుకునే నోటికీ తేడా లేదు కదా!

నిలబడ్డ కాళ్లకు విశ్రాంతేదీ?

ఆరాధన ముగియగానే 'ఎలాగూ బయటికొచ్చాం, అలా టి.నగర్ వెళ్లొద్దాం' అనుకోవడం చాలా ఇళ్లలో మామూలే. బజారు కిటకిటలాడేదీ ఆదివారమే. కానీ విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞను నిర్గమకాండము 20వ అధ్యాయంలో పూర్తిగా చదివితే కంగారు పుడుతుంది. విశ్రాంతి ఇంటి యజమానికి మాత్రమే కాదు. దాసుడికి, దాసికి, పశువుకు, ఊళ్లో ఉన్న పరదేశికీ ఇవ్వాలంటుంది. ద్వితీయోపదేశకాండము అయితే కారణమూ చెబుతుంది. ఒకప్పుడు మీరూ ఐగుప్తులో దాసులే, మరిచిపోవద్దని.

పరదేశి అంటే ఎవరు? దూరపు పల్లెల నుంచి వచ్చి, మెట్ల మీద పరుగులు తీస్తూ చీరలు విప్పి చూపించే పిల్లలే. రంగనాథన్ వీధి దుకాణాల్లో వారి బతుకును వసంతబాలన్ 2010లో 'అంగాడి తెరు'గా తీశారు. అదే తెలుగులో 'షాపింగ్ మాల్' అయింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో దుకాణాల చట్టాన్ని సవరించింది. కేరళ ఆ పని 2018లోనే చేసింది. కుర్చీ వేశారో లేదో కొనేవారూ గమనించవచ్చు. నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచేముందు ఒకసారి ఆలోచించవచ్చు. ఇంట్లో పనిమనిషి జీతం పదో తేదీ దాకా సాగదీయకుండా ఉండవచ్చు. కూలివాడి కూలి పొద్దుగుంకకముందే ఇవ్వాలన్నది ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం మాట.

కాసు బంగారం.. కొండంత అప్పు

నగల మీద క్రైస్తవుల్లో ఏకాభిప్రాయం లేదు. కొన్ని సంఘాలవారు బంగారం అసలు ముట్టరు. కొందరు సిలువ గుర్తున్న తాళి కడతారు. పేతురు, పౌలు తమ పత్రికల్లో స్త్రీల అలంకారం గురించి రాసింది నిషేధమని కొందరు, ఆడంబరానికి హెచ్చరిక మాత్రమేనని కొందరు అంటారు. ఆ వాదం ఎలా ఉన్నా ఒక చోట మాత్రం తప్పించుకునే దారి లేదు. అది కట్నం. 1961 నుంచి చట్టం కాదంటున్నా, 'మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే' అన్న తీయని మాటతో కాసుల లెక్క నడుస్తూనే ఉంది. నగ ధరించకపోవడం భక్తి అనుకునే ఇల్లు అదే విలువను నగదుగా పుచ్చుకుంటే మారిందేమిటి?

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగిన ప్రశ్న లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. శిష్యుడు కావడానికి ఎంత మూల్యం చెల్లించాలో చెప్పడానికి ఆయన వాడిన పోలిక అది. పెళ్లి బడ్జెట్టుకూ అక్షరాలా సరిపోతుంది. అప్పు చేసి పప్పుకూడు తినడం మంచిది కాదని మన పెద్దలన్నదీ అదే.

ఒకే చాప.. ఒకే పంక్తి

ఇవన్నీ ఆచరణకు అందేవేనా అంటే, చేసి చూపినవారున్నారు. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్త్ సింగ్ 1941లో ఈ నగరంలోనే 'యెహోవా షమ్మా' సహవాసం ప్రారంభించారు. తర్వాత హైదరాబాదులో 'హెబ్రోను' వెలిసింది. అక్కడ కుర్చీల్లేవు. అధికారైనా కూలీ అయినా నేల మీద చాపపైనే. ఆరాధన కాగానే ప్రేమ విందు. కులమేదని అడగకుండా పక్కపక్కన కూర్చుని తినడమే అక్కడి పాఠం. ఉంగరం వేసుకొచ్చినాయనకు వేరే పీట వేయకపోవడమే యాకోబుకిచ్చిన జవాబు. 2000లో ఆయన కన్నుమూసేనాటికి ఆ సహవాసాలు తెలుగు నేలంతా వ్యాపించాయి.

అంతకు ముందే తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు వి.ఎస్.అజరయ్య తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. విశ్వాసి ఇవ్వడం గురించి పుస్తకమే రాశారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు దేవుని పేర పక్కన పెట్టే అలవాటు తెలుగు పల్లె సంఘాల్లో కనిపిస్తుంది. కాసులు లేని ఇల్లూ ఇవ్వగలదని చెప్పే అలవాటది.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

* ఇది అవసరమా, పక్కింటివారి కోసమా?
* అప్పు చేయకుండా కొనగలమా?
* తూకం, బిల్లు రెండూ సరిగా ఉన్నాయా? మన వైపు నుంచీ?
* చూపించినవారితో మర్యాదగా మాట్లాడామా?

నాలుగింటికీ జవాబు తిన్నగా వస్తే సంచీ నిండినా, ఖాళీగా ఉన్నా మాంబళం స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు మనసు తేలిగ్గానే ఉంటుంది.