మొహం ఉబ్బిందని మాత్ర మానొద్దు

కీళ్లవాతానికి డాక్టరు ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాస్తే కొద్దిరోజులకే నొప్పులు తగ్గుతాయి. మంచం దిగలేని మనిషి లేచి వాకిట్లో కళ్లాపి చల్లుతుంది. నెలలు గడిచేసరికి బుగ్గలు ఉబ్బుతాయి. పొట్ట పెరుగుతుంది. రవికెలు పట్టవు. ‘బాగా ఒళ్లు చేశావే’ అంటారు ఇరుగుపొరుగు. ఆ మాట పడలేక కొందరు మాత్ర మానేస్తారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇవి స్టెరాయిడ్ మాత్రలు. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఇలాంటి పదార్థాన్నే తయారు చేస్తాయి. మూడు నాలుగు వారాలకు మించి మాత్రలు వాడితే ఆ గ్రంథులు పని తగ్గించుకుంటాయి. హఠాత్తుగా మానేస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు తగ్గించాల్సింది డాక్టరే, అదీ మెల్లమెల్లగా. అది తగ్గేకొద్దీ మొహం వాపూ తీస్తుంది.

ఈలోగా తిండి మన చేతిలో ఉంది. ఈ మందు ఆకలి పెంచుతుంది, ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. ఊరగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు తగ్గించాలి. అన్నం తగ్గించి కూర, పప్పు ఎక్కువ వేసుకోవాలి. నడిమధ్య ఆకలేస్తే జంతికలకు బదులు దోసకాయ ముక్కలు, పల్చని మజ్జిగ మేలు. ఎముకలు గుల్లబారకుండా పాలు, చక్కెర లేని రాగిజావ తాగాలి. కీళ్లు సహకరించినంత దూరం నడవాలి. షుగరు, బి.పి. చూపించుకుంటూ ఉండాలి.

సంతల్లో అమ్మే పేరులేని నొప్పుల పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. అవి చాలాకాలంగా వాడుతున్నవారు ఆ పొట్లం పట్టుకెళ్లి ఆస్పత్రిలో చూపించాలి.