వెబ్‌సైట్ జనరేటర్ల వినియోగంలో మూల ఫైళ్లు, ప్రచురిత ఫైళ్ల నిర్వహణ: వ్యవసాయ విస్తరణ సమాచారానికి అన్వయం

పరిచయం

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు రూపొందించే సాంకేతిక సిఫారసులు ఒకప్పుడు కరపత్రాలు, వ్యవసాయ పంచాంగం, రేడియో ప్రసంగాల ద్వారా రైతులకు చేరేవి. నేడు అవే సిఫారసులు వెబ్ పుటలుగా కూడా లభిస్తున్నాయి. ముద్రిత ప్రతిపై ప్రచురణ సంవత్సరం ఉంటుంది కనుక అది పాతదో కాదో చదువరి గుర్తించగలడు. వెబ్ పుటకు సాధారణంగా అటువంటి గుర్తు ఉండదు. ఎన్నేళ్ల క్రితం రాసినదైనా తెరపై కొత్తదిగానే కనిపిస్తుంది. కాబట్టి సిఫారసును సవరించడంతో విస్తరణ శాస్త్రవేత్త పని పూర్తికాదు. ఉపసంహరించిన సిఫారసు రైతు చూసే చోటునుంచి నిజంగా తొలగిందో లేదో నిర్ధారించుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 పురుగుమందులను నిషేధిస్తూ ఉత్తర్వు జారీచేసింది. వాటిలో ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్, ఫాస్ఫామిడాన్, ట్రైక్లోర్ఫాన్, అలాక్లోర్ అనే ఆరింటి వాడకం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిలిచిపోవలసి ఉంది. ఒక కేంద్రం తన వద్దనున్న వరి సస్యరక్షణ పాఠ్యం నుంచి ఫోరేట్ గుళికల పుటను తొలగించి, వెబ్‌సైట్‌ను తిరిగి రూపొందించిందని అనుకుందాం. అయినా ఆ పుట సర్వరుపై యథాతథంగా ఉండిపోయే అవకాశం ఉంది. దీనికి కారణం మూల ఫైళ్లకు, ప్రచురిత ఫైళ్లకు గల భేదాన్ని గుర్తించకపోవడమే. ఈ భేదాన్ని, దానికి తగిన నిర్వహణ పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జనరేటరు పనిచేసే తీరు

వెబ్‌సైట్ జనరేటరు అనగా రచయిత రాసిన పాఠ్యాన్ని, విడిగా ఉన్న పుట నమూనాను కలిపి, బ్రౌజరు చదవగల హెచ్‌టీఎంఎల్ పుటలను తయారుచేసే సాఫ్ట్‌వేరు. టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2008లో విడుదల చేసిన జెకిల్, స్టీవ్ ఫ్రాన్సియా 2013లో ప్రారంభించిన హ్యూగో ఈ కోవకు చెందినవి. వీటిలో పాఠ్యాన్ని సాధారణంగా మార్క్‌డౌన్ పద్ధతిలో రాస్తారు. జాన్ గ్రూబర్ 2004లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో శీర్షికలు, జాబితాలు, లంకెలు కొద్దిపాటి గుర్తులతోనే సూచించవచ్చు. ఇలా తయారైన సైట్‌కు సర్వరుపై డేటాబేసు అవసరం లేదు. పుటలు తేలికగా ఉంటాయి కనుక నెమ్మదైన ఇంటర్నెట్ ఉన్న గ్రామాలలో సైతం త్వరగా తెరుచుకుంటాయి.

హ్యూగోలో పాఠ్యం 'కంటెంట్' ఫోల్డరులోను, పుట నమూనాలు 'లేఅవుట్స్' ఫోల్డరులోను, మార్పు లేకుండా యథాతథంగా చేరవలసిన పీడీఎఫ్‌లు, చిత్రాలు 'స్టాటిక్' ఫోల్డరులోను ఉంటాయి. ఇవన్నీ మూల ఫైళ్లు. జనరేటరు తయారుచేసిన పుటలు 'పబ్లిక్' ఫోల్డరులోకి చేరుతాయి. ఇవి ప్రచురిత ఫైళ్లు. జెకిల్‌లో ప్రచురిత ఫోల్డరు పేరు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే 'సైట్'.

విత్తనోత్పత్తితో పోల్చితే ఈ సంబంధం సులభంగా బోధపడుతుంది. బ్రీడరు విత్తనం నుంచి మూల విత్తనం, దాని నుంచి ధ్రువీకరణ విత్తనం వస్తాయి. ధ్రువీకరణ విత్తనంలో కేళీలు కనిపిస్తే ఆ సంచిలోని గింజలను ఏరినంత మాత్రాన సమస్య తీరదు. పై దశలో శుద్ధి జరగకపోతే మరుసటి ఏడాది అవే కేళీలు తిరిగి వస్తాయి. అదేవిధంగా, ప్రచురిత పుటను తెరిచి అందులో మందు మోతాదును నేరుగా సరిదిద్దితే, జనరేటరును మరోసారి నడిపినప్పుడు ఆ దిద్దుబాటు చెరిగిపోయి పాత మోతాదు తిరిగి ప్రత్యక్షమవుతుంది. కాబట్టి ప్రతి దిద్దుబాటు మూల ఫైలులోనే జరగాలి. ప్రచురిత ఫైలును చేతితో ఎన్నడూ సవరించరాదు. ఇది ఈ నిర్వహణకు మొదటి సూత్రం.

ప్రచురిత ఫోల్డరులో మిగిలిపోయే పుటలు

మూల ఫైలును తొలగిస్తే దాని నుంచి పుట్టిన పుట కూడా తొలగిపోతుందని చాలామంది భావిస్తారు. ఈ విషయంలో అన్ని జనరేటర్లు ఒకే విధంగా ప్రవర్తించవు. జెకిల్ ప్రతి తయారీలోనూ ప్రచురిత ఫోల్డరును శుభ్రపరుస్తుంది. తాను సృష్టించని ఫైళ్లు అక్కడ ఉంటే వాటిని తొలగిస్తుంది. అందువల్ల ముఖ్యమైన ఇతర ఫైళ్లున్న ఫోల్డరును జెకిల్‌కు ప్రచురణ స్థానంగా చూపడం ప్రమాదకరం. హ్యూగో ఇందుకు భిన్నమైనది. అది ఉన్న ఫైళ్లపై కొత్త ఫైళ్లను రాస్తుందే గాని, పాతవాటిని సాధారణంగా తొలగించదు. వినియోగదారు తరువాత చేర్చిన ఫైళ్లు పొరపాటున పోకూడదనే ఉద్దేశంతోనే ఈ ఏర్పాటు చేశారు.

దీని పర్యవసానాలు మూడు. మొదటిది, పైన చెప్పిన ఫోరేట్ పుట వలె, మూలం లేని పుటలు ప్రచురిత ఫోల్డరులో నిలిచిపోతాయి. రెండవది, చిత్తుప్రతిగా గుర్తించిన పాఠ్యాన్ని పరీక్ష కోసం ఒకసారి ఆ ఫోల్డరులోకి తయారుచేస్తే, తరువాతి తయారీలో చిత్తుప్రతులను మినహాయించినా ఆ పుట అక్కడే ఉంటుంది. పరిశీలన పూర్తికాని సిఫారసు ఈ విధంగా బయటపడే అవకాశం ఉంది. మూడవది, పుట పేరు మార్చినప్పుడు పాత, కొత్త చిరునామాలు రెండూ పనిచేస్తూ, రెండు వేర్వేరు మోతాదులను చూపవచ్చు. కనుక హ్యూగో వాడేవారు ప్రతి తయారీకి ముందు ప్రచురిత ఫోల్డరును ఖాళీచేయాలి. ఆ ఫోల్డరులో ఉన్నదంతా మూలం నుంచి తిరిగి తయారుకాగలిగినప్పుడే ఇది నిర్భయంగా చేయగలం.

సర్వరుకు చేరవేసేటప్పుడు

కంప్యూటరులోని ప్రచురిత ఫోల్డరు శుభ్రంగా ఉన్నంత మాత్రాన సర్వరు శుభ్రంగా ఉన్నట్లు కాదు. ఎఫ్‌టీపీ ద్వారా మామూలుగా ఎక్కించినప్పుడు కొత్త ఫైళ్లు చేరుతాయి. సర్వరుపై ఉన్న పాతవి తొలగవు. ఆర్‌సింక్ వంటి సాధనంలో 'డిలీట్' ఐచ్ఛికాన్ని జోడిస్తే రెండు చోట్లా ఒకే స్థితి ఏర్పడుతుంది. అయితే ఇది రెండంచుల కత్తి. పొరపాటున ఖాళీ ఫోల్డరును మూలంగా చూపితే సర్వరుపై ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుచేత ముందుగా 'డ్రై రన్' ఐచ్ఛికంతో నడిపి, తొలగనున్న ఫైళ్ల జాబితాను చదివిన తరువాతనే అసలు చేరవేతకు పూనుకోవాలి.

ఈ పద్ధతిలో మరొక చిక్కు ఉంది. శిక్షణ ప్రకటన, నేల పరీక్ష దరఖాస్తు వంటి పీడీఎఫ్‌లను అత్యవసరమని నేరుగా సర్వరుపై ఉంచడం పరిపాటి. మూలంలో లేని ఈ ఫైళ్లు మరుసటి చేరవేతలో మాయమవుతాయి. పీడీఎఫ్ ఎంత చిన్నదైనా ముందు 'స్టాటిక్' ఫోల్డరులో చేర్చి, అక్కడినుంచే ప్రచురించాలి. మూలంలో లేనిదేదీ సర్వరుపై ఉండరాదన్నది రెండవ సూత్రం.

చరిత్ర, భద్రత

మూల ఫైళ్లలో ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో నమోదు చేయడానికి లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ ఉపకరిస్తుంది. మూల ఫైళ్లను మాత్రమే గిట్‌లో భద్రపరచి, ప్రచురిత ఫోల్డరు పేరును 'గిట్‌ఇగ్నోర్' ఫైలులో చేర్చడం మంచిది. లేనిచో నమూనాలో ఒక్క పంక్తి మారినా వందలాది ప్రచురిత పుటలు మారినట్లు నమోదై, మోతాదులో జరిగిన అసలు మార్పు వాటి మధ్య కనిపించకుండా పోతుంది. మార్పు వివరణలో సిఫారసుకు ఆధారమైన ఉత్తర్వును గాని, పరిశోధన ఫలితాన్ని గాని పేర్కొంటే, తరువాత వచ్చే శాస్త్రవేత్తకు అది విలువైన ఆధారమవుతుంది.

గిట్‌లో ఒకసారి చేరిన సమాచారం, ఆ ఫైలును తరువాత తొలగించినా, చరిత్రలో నిలిచే ఉంటుంది. రైతుల ఫోను నంబర్లు, ఆధార్ వివరాలు గల పట్టికలను, సర్వరు పాస్‌వర్డ్‌లను మూల ఫోల్డరులో ఉంచరాదు. అలాగే మూల ఫోల్డరు మొత్తాన్ని సర్వరుపైకి ఎక్కించరాదు. గిట్ దాచుకునే ఫోల్డరు కూడా సర్వరుపైకి చేరితే, పాత ప్రతులన్నీ బయటివారికి అందుబాటులోకి రావచ్చు. జనరేటరు ఏ వెర్షనుతో సైట్ తయారైందో కూడా మూలంలో రాసి ఉంచాలి. మరొక కంప్యూటరులో, మరొక వెర్షనుతో అదే మూలం నుంచి వేరొక ఫలితం రావచ్చు.

తెలుగు పాఠ్యానికి సంబంధించిన జాగ్రత్తలు

తెలుగు వ్యవసాయ ప్రచురణలు అనేకం యూనికోడ్ కాని ఫాంట్లతో, పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేరులో కూర్చబడ్డాయి. ఆ ఫైలు ముద్రణకు మూలమే గాని వెబ్‌కు మూలం కాజాలదు. అందులోని అక్షరాలు ఫాంటు లేనిచో అర్థంలేని గుర్తులుగా మారతాయి, వెతికినా దొరకవు. పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చి, అంకెలను, మందుల పేర్లను అచ్చు ప్రతితో సరిచూసి, ఆ ప్రతినే ఇకపై మూలంగా పరిగణించాలి. ఫైలు పేర్లను తెలుగు లిపిలో పెడితే వేరొక ఇబ్బంది కలుగుతుంది. పంపినప్పుడు చిరునామాలోని ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులుగా మారి, లంకె అతి పొడవుగా తయారవుతుంది. శీర్షిక తెలుగులో, ఫైలు పేరు చిన్న రోమన్ అక్షరాలలో ఉండటం ఉభయతారకం.

కాలపరిమితి, ఉపసంహరణ

వాతావరణ ఆధారిత సలహాలకు కాలపరిమితి ఉంటుంది. హ్యూగోలో ప్రతి పాఠ్యానికి 'ఎక్స్‌పైరీ డేట్' పేర్కొనవచ్చు. ఆ తేదీ దాటిన పాఠ్యాన్ని జనరేటరు సాధారణంగా ప్రచురించదు. అయితే జనరేటరును తిరిగి నడిపినప్పుడే ఇది అమలవుతుంది. తేదీ గడిచినా ఎవరూ నడపకపోతే రబీ సలహా ఖరీఫ్‌లో కూడా కనిపిస్తూనే ఉంటుంది. అందువల్ల తయారీని, చేరవేతను రోజూ ఒక నిర్ణీత సమయానికి స్వయంచాలకంగా జరిగేటట్లు అమర్చాలి.

నిషేధిత మందుకు సంబంధించిన పుటను కేవలం తొలగించడం కంటే, అదే చిరునామాలో ఉపసంహరణ ప్రకటనను ఉంచడం ఉత్తమం. పాత లంకె అప్పటికే వాట్సాప్ బృందాలలో తిరుగుతూ ఉండవచ్చు. దాన్ని నొక్కిన రైతుకు పుట లేదన్న సందేశం మాత్రమే కనిపిస్తే, తన ఫోనులో దాచుకున్న పాత పీడీఎఫ్‌నే ఆశ్రయిస్తాడు. "ఈ సిఫారసు ఉపసంహరించబడింది" అనే వాక్యం, తేదీ, కారణం, ప్రస్తుత సిఫారసు ఆ చోట ఉంటే పొరపాటుకు తావుండదు.

ముగింపు

ప్రచురిత ఫోల్డరును పూర్తిగా చెరిపివేసి, మూల ఫైళ్ల నుంచి మాత్రమే సైట్‌ను యథాతథంగా తిరిగి తయారుచేయగలమా అన్నది ఈ నిర్వహణకు గీటురాయి. ప్రతి సీజనుకు ముందు ఒకసారి వేరొక కంప్యూటరులో ఈ పరీక్ష జరపాలి. అనంతరం సర్వరుపై ఉన్న పుటల జాబితాను కొత్తగా తయారైన పుటల జాబితాతో పోల్చి, అదనంగా ఉన్న ప్రతి పుటకు కారణం తెలుసుకోవాలి. చివరగా, ఉపసంహరించిన మందుల పేర్లతో సైట్‌ను ఒక రైతు వలె ఫోనులో వెతికి చూడాలి. అక్కడ కనిపించినదే రైతు పొలంలో ఆచరించేది.